జెర్మ్ సెల్ ట్యూమర్ పాకిందన్నారు, ఇప్పుడేం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే. మా తమ్ముడికి ఇరవై మూడో ఏట కుడి బీజంలో గడ్డ ఉందని తేలింది. తేలేసరికే అది కడుపు వెనక గ్రంథులకీ రెండు ఊపిరితిత్తులకీ పాకిపోయింది. ఆపరేషన్, నాలుగు సైకిళ్ల కీమో, మళ్లీ ఒక పెద్ద ఆపరేషన్ అయ్యాయి. ఇప్పుడు వాడికి జబ్బు లేదు, విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ ఏడాదంతా వాడి ఫైలు పట్టుకుని తిరిగింది నేనే. అప్పట్నుంచి గుణుపురం, కాశీనగర్, రాయగడ, జయపురం, ఇటు బరంపురం దాకా ఎవరింట్లో కుర్రాడికి ఇలాంటిది వచ్చినా ఎవరో ఒకరు నా నంబరు ఇస్తున్నారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ఫోన్లో చెబితే సగం గుర్తుండదు, అందుకని రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. మందు, డోసు మీ డాక్టరే చెప్పాలి. కానీ ఆయన్ని ఏం అడగాలో, ఎక్కడ ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదో ఇది చదివి వెళ్లండి.

అసలు ఇదేం జబ్బు? మా ఇంటావంటా లేదే!

చాలామందికి ఇంటావంటా ఉండదు. పిండంగా ఉన్నప్పుడే మన ఒంట్లో కొన్ని కణాలు ఉంటాయి, పెద్దయ్యాక మగవాళ్లలో వీర్యకణాలుగా, ఆడవాళ్లలో అండాలుగా మారాల్సినవి. వాటినే జెర్మ్ సెల్స్ అంటారు, బీజకణాలన్నమాట. అవి ఒకచోట పుట్టి, ఒంటి నడిమధ్య నుంచి ప్రయాణం చేసి బీజాల్లోకో అండాశయాల్లోకో చేరతాయి. వాటిలో పుట్టే క్యాన్సరే ఇది. ఎక్కువగా మగవాళ్లకి బీజంలోనే వస్తుంది. కొందరికి మాత్రం దారిలో ఆగిపోయిన కణాల వల్ల ఛాతీ మధ్యలో, కడుపు వెనక, అరుదుగా మెదడులో మొదలవుతుంది. పదిహేను నుంచి ముప్పై అయిదు, నలభై ఏళ్ల మధ్య కుర్రాళ్లకి వచ్చే క్యాన్సర్లలో దీనిది ముందు వరుస.

చిన్నప్పుడు బీజం కిందికి దిగనివాళ్లకి ముప్పు ఎక్కువ. మీ ఇంట్లో మగబిడ్డ పుడితే రెండు బీజాలూ సంచిలో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే పిల్లల సర్జన్‌కి ఏడాదీ ఏడాదిన్నర లోపే చూపించండి, 'పెద్దయితే అదే దిగుతుందిలే' అని వదిలేయకండి. దెబ్బ తగలడం వల్ల ఈ క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలినప్పుడు చేత్తో తడుముకుంటే అప్పటికే ఉన్న గడ్డ దొరుకుతుంది, అంతే.

ఇందులో రెండు పెద్ద రకాలున్నాయి: సెమినోమా, నాన్‌సెమినోమా. ఈ మాట రిపోర్టులో ఎక్కడుందో వెతికి పట్టుకోండి, ఎందుకంటే తర్వాత వైద్యం చాలావరకు దీన్ని బట్టే నడుస్తుంది.

ఊపిరితిత్తులకి పాకిందన్నారు. అంటే నాలుగో స్టేజీయే కదా, ఇంక ఆశ లేదా అక్కా?

ఈ ప్రశ్నతోనే అందరూ ఏడుస్తారు. నేనూ ఏడ్చాను.

ముందు ఒక మాట వినండి. బీజం క్యాన్సర్‌కి నాలుగో స్టేజీ అనేదే లేదు. మూడుతో ఆగిపోతుంది. ఇది మిగతా క్యాన్సర్ల లాంటిది కాదు, పాకిన తర్వాత కూడా పూర్తిగా నయమయ్యే జబ్బు. నేను నయం అంటున్నది పదిరోజులు ఎక్కువ బతకడం గురించి కాదు, మామూలు మనిషై ఉద్యోగం, పెళ్లి, పిల్లలు చూసుకునే నయం.

ఎప్పుడూ ఇలా లేదు. 1970ల ముందు పాకిన బీజం క్యాన్సర్ వచ్చిన కుర్రాళ్లలో చాలా కొద్దిమందే బతికేవాళ్లు. అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1965లో బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూస్తుంటే అవి విడిపోకుండా పొడుగ్గా సాగిపోయాయట. తీరా చూస్తే అది కరెంటు పని కాదు, ప్లాటినం కడ్డీల నుంచి కరిగిన పదార్థం పని. అదే సిస్‌ప్లాటిన్ అయింది. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టర్ దాన్ని ఇంకో రెండు మందులతో కలిపి ఇచ్చారు, అక్కణ్నుంచి ఈ జబ్బు కథే మారిపోయింది.

ఆ ఐన్‌హార్న్ గారి దగ్గరే మన యువరాజ్ సింగ్ వైద్యం చేయించుకున్నాడు. 2011 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ది టోర్నమెంట్, ఆ తర్వాత తేలింది రెండు ఊపిరితిత్తుల మధ్య జెర్మ్ సెల్ ట్యూమర్, సెమినోమా రకం. 2012 మొదట్లో ఇండియానాపొలిస్‌లో కీమో, అదే ఏడాది సెప్టెంబరులో మళ్లీ ఇండియా జెర్సీ. తిరిగొచ్చి ఆడాల్సిన మొదటి మ్యాచ్ మన వైజాగ్‌లోనే పెట్టారు, వాన వల్ల ఒక్క బంతీ పడలేదు, మూడు రోజుల తర్వాత చెన్నైలో ఆడాడు. మా తమ్ముడికి కీమో గదిలో ఇది చెప్పినప్పుడు వారం రోజుల్లో మొదటిసారి ముఖం తిప్పి నా వైపు చూశాడు.

ఇక అంకెలు. డాక్టర్లు పాకినవాళ్లని మూడు గుంపులుగా చూస్తారు: మంచి, మధ్యస్థం, కష్టం. 1997లో చేసిన ఈ విభజనని 2021లో కొత్త లెక్కలతో సరిచూశారు. నాన్‌సెమినోమాలో అయిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మంచి గుంపులో నూటికి 96, మధ్యస్థంలో 89, కష్టం గుంపులో కూడా 67. సెమినోమాలో మంచి గుంపుకి 95, మధ్యస్థానికి 88; దానికి కష్టం గుంపే లేదు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నంత మాత్రాన కష్టం గుంపులో పడరు. నాన్‌సెమినోమా కాలేయం, ఎముకలు, మెదడు లాంటి చోట్లకి పాకినా, ఛాతీ మధ్యలోనే మొదలైనా, రక్తంలో మార్కర్లు (గడ్డ ఆచూకీ చెప్పే పదార్థాలు, వాటి సంగతి కింద రాశాను) మరీ ఎక్కువున్నా అప్పుడు కష్టం గుంపు అంటారు. మీ వాడు ఏ గుంపో డాక్టర్ని సూటిగా అడగండి. అది అడిగితే డాక్టర్లు ఏమీ అనుకోరు.

వరిబీజం అనుకుని నెలలు గడిపేశాం. ఎలా తెలుసుకోవాలి?

మన తీరం వైపు ఫైలేరియా ఎక్కువ, గంజాం అయినా శ్రీకాకుళం అయినా వరిబీజం లేని వీధి ఉండదు. అందుకే కుర్రాడికి అక్కడ వాపు కనిపించగానే ఇంట్లోవాళ్లు, అప్పుడప్పుడు వైద్యం చేసేవాళ్లు కూడా అదే అనుకుంటారు. మా ఇంట్లో జరిగింది ఇదే. మొదట తమ్ముడు నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు, సిగ్గు. తర్వాత ఒక క్లినిక్‌లో చేత్తో చూసి ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాశారు, తగ్గలేదని ఇంకో కోర్సు రాశారు. స్కానింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. మా అమ్మకి చెప్పిన రోజు ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: 'ఏటమ్మా ఇది, మొగపిల్లాడికి ఇలాటి రోగమేటి?'

వరిబీజంలో నీరు ఉంటుంది, మెత్తగా ఉంటుంది. గడ్డ గట్టిగా రాయిలా, బీజంలో భాగంగా ఉంటుంది, చాలామందికి నొప్పే ఉండదు. నొప్పి లేదు కదా అని వదిలేసేది అందుకే. ఒక్కోసారి గడ్డ చుట్టూ కూడా నీరు చేరుతుంది, అప్పుడు చేతికి తేడా తెలియదు. కాబట్టి చేత్తో చూసి తేల్చొద్దు. సంచికి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించండి. చవకైన పరీక్ష, పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ అయిపోతుంది, సూది లేదు, నొప్పి లేదు. యాంటీబయాటిక్ రెండు వారాలు వాడినా వాపు తగ్గకపోతే స్కానింగ్ లేకుండా ఇంకో కోర్సు మింగకండి.

కొందరికి బీజం వైపు అసలు దృష్టే పోదు. నడుంనొప్పి రాత్రుళ్లు నిద్రపోనివ్వదు (కడుపు వెనక గ్రంథులు ఉబ్బడం వల్ల), మెడకి ఎడమవైపు గడ్డ లేస్తుంది, రొమ్ములు ఉబ్బుతాయి, దగ్గు, ఆయాసం. ఇరవై ఏళ్లవాడికి ఇవి వస్తే బీజాలు కూడా చూడమని మీరే డాక్టర్‌కి చెప్పండి.

ఎక్స్‌రేలో మచ్చలున్నాయని టీబీ మందులు ఇచ్చారు. ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. టీబీ మన దగ్గర నిజంగానే ఎక్కువ, కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు. కానీ కళ్లె పరీక్షలో టీబీ దొరికిందా, లేక ఎక్స్‌రే చూసి మాత్రమే మొదలుపెట్టారా అని అడగండి. కళ్లెలో ఏమీ లేక, ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు చాలా ఉంటే, లేదా మందులు వాడుతున్నా పెరుగుతుంటే, బీజాల స్కానింగూ కింద చెప్పే రక్తపరీక్షలూ చేయించమనండి. ఒక్క పూట పని.

ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్... ఈ అంకెలకి అర్థమేంటి?

ఈ జబ్బులో మనకున్న వరం ఇదే: గడ్డ తన ఆచూకీ రక్తంలో వదులుతుంది. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రెండూ గడ్డ తయారుచేసేవి. హెచ్‌సీజీ అంటే ఆడవాళ్ల ప్రెగ్నెన్సీ పరీక్షలో చూసేదే, అందుకే ఈ జబ్బున్న కొందరు మగవాళ్లకి ఆ స్ట్రిప్ మీద రెండు గీతలు వస్తాయి. రొమ్ములు ఉబ్బేది కూడా దాని వల్లే. ఎల్‌డీహెచ్ గడ్డ మొత్తం ఎంతుందో స్థూలంగా చెబుతుంది.

ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే అది ఒట్టి సెమినోమా కాదు, బయాప్సీ (ముక్క పరీక్ష) కాగితం మీద సెమినోమా అని రాసినా సరే, వైద్యం నాన్‌సెమినోమాకి ఇచ్చినట్టే ఇస్తారు. రిపోర్టుకీ రక్తపరీక్షకీ ఇలా పొంతన లేకపోతే తప్పక నిలదీసి అడగండి.

నాన్‌సెమినోమాలో గుంపు తేల్చడానికి ఏఎఫ్‌పీ 1,000 లోపు, హెచ్‌సీజీ 5,000 లోపు ఉంటే మంచి వైపు. ఏఎఫ్‌పీ 10,000, హెచ్‌సీజీ 50,000 దాటితే కష్టం వైపు. నడుమ ఉన్నది మధ్యస్థం. మా తమ్ముడికి ఏఎఫ్‌పీ నాలుగు వేల చిల్లర, కాబట్టి మధ్యస్థం, కాబట్టి నాలుగు సైకిళ్లు. అయితే ఈ లెక్కకి తీసుకోవాల్సింది బీజం తీసేసిన తర్వాత, కీమో మొదలుపెట్టే ముందు చేసిన పరీక్ష. చాలా ఇళ్లలో మొదటి రిపోర్టు ఒక్కటే ఉంటుంది, రెండోది చేయించి ఉండరు.

వైద్యం పనిచేస్తుంటే హెచ్‌సీజీ రోజు, రోజున్నరకి సగమవుతుంది, ఏఎఫ్‌పీకి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మొదటి సైకిల్లో మొదటి వారం అంకె పెరిగినట్టు కనిపించొచ్చు, కణాలు ఒక్కసారిగా చచ్చి లోపలిదంతా రక్తంలోకి వదలడం వల్ల. దాన్ని చూసి హడలిపోకండి. నేను ఒక రూళ్ల నోట్‌బుక్‌లో తారీఖు, అంకె, ఏ ల్యాబు అని మూడు గడులు గీసి రాసేదాన్ని. ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే అంకెలు పోల్చడం కష్టం.

సూది పెట్టి ముక్క తీస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

బీజంలోని గడ్డకి సంచి మీంచి సూది పెట్టకూడదు, సంచి కోసి ఆపరేషన్ చేయకూడదు. అలా చేస్తే క్యాన్సర్ కణాలు సంచి చర్మానికీ గజ్జల్లో గ్రంథులకీ కొత్త దారి పట్టొచ్చు. గజ్జ దగ్గర, హెర్నియాకి కోసినట్టు చిన్న కోత పెట్టి బీజాన్ని దాని నరంతో సహా పైకి లాగి తీస్తారు. దాన్ని పరీక్షకి పంపితేనే రకం తేలుతుంది. సూది మాట మా దగ్గర కూడా వచ్చింది, వైజాగ్‌లో చూపించేదాకా ఆగుతామన్నాం, ఆగడం మంచిదైంది.

ఒక్క బీజం తీసేస్తే మగతనం పోతుందా అని గొంతు తగ్గించి అడుగుతారు. పోదు. రెండోది ఆరోగ్యంగా ఉంటే చాలు. మనిషి బాగా ఆయాసపడుతూ, మార్కర్లు చాలా ఎక్కువుంటే మాత్రం డాక్టర్లు ముందు కీమో మొదలుపెట్టి బీజం తర్వాత తీస్తారు. అది కూడా సరైన పద్ధతే.

ఎక్కడికి వెళ్లాలి? బరంపురమా, కటకా, వైజాగా?

సరిహద్దు దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్రే, కాబట్టి మన వైపు వాళ్లు ఎక్కువమంది వైజాగ్‌కే పోతారు, భాష ఇబ్బంది ఉండదు. అక్కడ అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి) ఉంది. బరంపురం వైపు వాళ్లకి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దగ్గర, అక్కణ్నుంచి కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్‌లో ఎయిమ్స్. ఏ ఊరన్నది కాదు ముఖ్యం. అక్కడ మెడికల్ ఆంకాలజిస్టు (కీమో ఇచ్చే క్యాన్సర్ డాక్టర్) ఉండాలి, ఈ జబ్బుకి కీమో ఇచ్చిన అనుభవం ఉండాలి, రాత్రి జ్వరమొస్తే చేర్చుకునే వార్డు ఉండాలి. ఇది అరుదైన జబ్బు కాబట్టి ఏడాదికి ఇలాంటివాళ్లని ఎందర్ని చూస్తారని అడగండి. కీమో మొదలుపెట్టాక ఆసుపత్రి మార్చడం, సగం ఇక్కడ సగం అక్కడ వేయించుకోవడం దయచేసి చేయకండి.

డబ్బు సంగతి? ఏ కార్డు పనిచేస్తుంది?

మనం ఒడిశావాళ్లం, ఆధార్ ఒడిశాది, కాబట్టి ఆంధ్ర ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మనకి రాదు. పాతపట్నంలో మేనమామ కార్డు మీద చేయిద్దామని ఆలోచించకండి, మధ్యలో పట్టుబడితే కీమో ఆగిపోతుంది. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి, కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకి అదనంగా ఇంకో అయిదు లక్షలు. వేరే రాష్ట్రంలో ఆసుపత్రికి వెళ్లేముందు అక్కడి ఆయుష్మాన్ మిత్ర డెస్కు దగ్గర మన కార్డు చూపించి, ఈ వైద్యానికి చెల్లుతుందా అని అడిగి, ఆ తర్వాతే చేరండి. ఒక ఊరట ఏమిటంటే ఈ కీమోలో వాడే మూడు మందులూ, సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్, బ్లియోమైసిన్, దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే, పాతకాలపు మందులు, కొత్త క్యాన్సర్ మందుల్లా లక్షల్లో ఉండవు.

రైలు గురించి చాలామందికి తెలియదు. వైద్యానికో చెకప్‌కో వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి వాటిలో నూటికి 75 రాయితీ. ఆసుపత్రిలో రైల్వే ఫారం మీద డాక్టర్ సంతకం, ముద్ర వేయించుకుని స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి. రాయగడ నుంచి వెళ్లేవాళ్లకి ఇది బాగా కలిసొస్తుంది.

కీమో తర్వాత పిల్లలు పుడతారా?

ఇది కీమోకి ముందే అడగాల్సిన ప్రశ్న. మందు ఎక్కాక అడిగితే ఒక దారి మూసుకుపోతుంది. మొదటి సైకిల్‌కి ముందు వీర్యాన్ని బ్యాంకులో దాచుకోవచ్చు, వైజాగ్, భువనేశ్వర్ లాంటి చోట్ల సంతాన సాఫల్య కేంద్రాల్లో ఒకటి రెండు రోజుల్లో అయిపోయే పని. పెళ్లికాని కుర్రాడితో ఈ మాట ఎలా ఎత్తాలో తెలియక తల్లిదండ్రులు వదిలేస్తారు. నాకూ నోరు రాలేదు, అక్కనై ఉండి తమ్ముడితో ఏం చెప్పను? బావగారితో చెప్పించాను. ఎవరో ఒకరు చెప్పాలి. దాచుకోలేకపోయినా దిగులు పడకండి, చాలామందికి కీమో అయిన ఒకటి రెండేళ్లలో వీర్యం మళ్లీ తయారవుతుంది. కీమో జరుగుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత డాక్టర్ చెప్పినన్నాళ్లూ మాత్రం గర్భం రాకుండా జాగ్రత్త పడాలి.

కీమో ఎలా ఇస్తారు? తట్టుకోగలడా?

మూడు మందుల మొదటి అక్షరాలతో బీఈపీ అంటారు. ఒక సైకిల్ 21 రోజులు. మొదటి అయిదు రోజులు వరసగా సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్. బ్లియోమైసిన్ వారానికి ఒకటి. మంచి గుంపుకి మూడు సైకిళ్లు (కొందరికి బ్లియోమైసిన్ లేకుండా నాలుగు), మిగతా రెండు గుంపులకీ నాలుగు. ఊపిరితిత్తులు బాగోలేనివాళ్లకి బ్లియోమైసిన్ బదులు ఐఫోస్ఫమైడ్ వాడతారు.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద పడుతుంది, అందుకని ముందూ వెనకా లీటర్లకొద్దీ సెలైన్ ఎక్కిస్తారు. మా వాడి మంచం కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు పెట్టి, మూత్రం పోసిన ప్రతిసారీ ఎన్ని మిల్లీలీటర్లో అట్టముక్క మీద రాయమంది నర్సమ్మ. మూడో రోజు రాత్రి రెండింటికి అంకె తగ్గిందని నేనే వెళ్లి లేపాను, ఆవిడ విసుక్కోలేదు, వెంటనే చూసింది. మీరూ రాయండి. చెవుల్లో గుయ్‌మన్నా, వేళ్లు తిమ్మిరెక్కినా డాక్టర్‌కి చెప్పండి. కాలు ఒకవైపే వాచినా చెప్పండి, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈ జబ్బులో ఎక్కువ. వాంతులకి ఇప్పుడు మంచి మందులున్నాయి, అవి ముందే వేసుకోవాలి. మెతుకు సయించని రోజుల్లో మా వాడికి గంజిలో ఉప్పు వేసి చల్లార్చి ఇస్తే అదొక్కటే లోపలికి పోయేది. జుట్టు రాలుతుంది, మళ్లీ వస్తుంది.

కౌంట్ పడిపోయింది, నీరసంగా ఉన్నాడు. ఒక పది రోజులు ఆగి వేయిస్తే ఏం పోతుంది?

చాలా పోతుంది. ఇక్కడ నేను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన ఇద్దరు కుర్రాళ్ల విషయంలో జరిగిన తప్పు ఇదే: ఒకరికి ఇంట్లో పెళ్లి ఉందని మూడో సైకిల్ వెనక్కి జరిపారు, ఇంకొకరు కాస్త బాగైందని రెండు సైకిళ్లతో ఇంటికి వచ్చేశారు. ఈ కీమో నయం చేసేది సరైన డోసులో, సరైన రోజున పడితేనే. మిగతా క్యాన్సర్లలో కౌంట్ తగ్గితే వాయిదా వేస్తారు. ఇందులో తెల్లకణాలు తక్కువున్నాయన్న ఒక్క కారణంతో చాలాసార్లు ఆపరు, డోసు తగ్గించరు, కణాలు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చి ముందుకు పోతారు. ఆపాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం. పండగ, కోతలు, పరీక్షలు చూసుకుని మనం తీసుకునే నిర్ణయం కాదు.

జ్వరం మాత్రం వేరే సంగతి. ఇంట్లో థర్మామీటర్ కొని పెట్టుకోండి. 100.4 డిగ్రీలు చూపించిందంటే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనకండి, అప్పుడే బయల్దేరండి. తెల్లకణాలు లేని ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గంటల్లో మనిషిని తీసుకుపోతుంది. మా ఊరి నుంచి వైజాగ్ దూరం కదా, అందుకే మేం రెండో సైకిల్ నుంచి ఆసుపత్రి దగ్గరే గది అద్దెకి తీసుకున్నాం. అది కుదరనివాళ్లు ఒక చీటీ మీద ఏ కీమో, ఏ తారీఖున, తెల్లకణాలు తగ్గి జ్వరం వస్తే వెంటనే యాంటీబయాటిక్ సెలైన్‌లో పెట్టాలి అని డాక్టర్ చేత రాయించుకుని దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి.

బీడీ, గుడాకు (పొగాకు ముద్ద) మానాలా?

మానాలి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని గట్టిపడేలా చేయగలదు, పొగ తాగేవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం మొదలైతే తర్వాతి ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి. ఆ తర్వాత ఎన్నేళ్లకి ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టర్‌తో 'నాకు బ్లియోమైసిన్ ఇచ్చారు' అని చెప్పాలి, ఆక్సిజన్ ఎంత పెట్టాలో వాళ్లు చూసుకుంటారు. మా తమ్ముడి పర్సులో ఆ మాట రాసిన కార్డు ఎప్పుడూ ఉంటుంది.

ఆకు పసరు, నాటుమందు కూడా వాడొచ్చా?

కీమో జరుగుతున్నన్నాళ్లూ వద్దు. ఏది మూత్రపిండాల్ని దెబ్బతీస్తుందో, ఏది కాలేయాన్ని దెబ్బతీస్తుందో తెలియదు, దాని వల్ల కీమో ఆగితే నష్టం మనదే. నమ్మకం ఉంటే రాయగడ మజ్జి గౌరమ్మ తల్లికి మొక్కుకోండి, మేమూ మొక్కుకున్నాం, మొక్కు తీర్చుకున్నాం.

కీమో అయిపోయింది, మార్కర్లు మామూలైపోయాయి, కానీ సీటీలో గడ్డ ఇంకా ఉంది. మళ్లీ ఆపరేషన్ ఎందుకు?

నాన్‌సెమినోమాలో కడుపు వెనక ఒక సెంటీమీటరు కన్నా పెద్ద గడ్డ మిగిలితే తీయాలి. తీసి చూస్తే ఇంచుమించు సగంమందిలో చచ్చిన కణాలే ఉంటాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి టెరటోమా అనే రకం గడ్డ, కొద్దిమందికి బతికున్న క్యాన్సర్ ఉంటుంది. టెరటోమాకి కీమో పనిచేయదు, రేడియేషన్ పనిచేయదు, మార్కర్లలో కనబడదు, కానీ మెల్లగా పెరిగి పక్కవాటిని నొక్కుతుంది, ఎన్నో ఏళ్ల తర్వాత చెడు క్యాన్సర్‌గా కూడా మారొచ్చు. లోపల ఏముందో స్కానింగ్ చెప్పలేదు, తీసి చూస్తేనే తెలుస్తుంది. కీమో అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో చేయించాలి. పెద్ద రక్తనాళాల చుట్టూ గ్రంథుల్ని ఒలిచే ఆపరేషన్ కాబట్టి అలవాటున్న సర్జన్ దగ్గరే చేయించండి. వీర్యం బయటికి వచ్చే నరాలు అక్కడే ఉంటాయి, వాటిని కాపాడగలరా అని ముందే అడగండి. మా వాడికి కడుపు మీద రొమ్ము ఎముక దగ్గర్నుంచి బొడ్డు కిందదాకా కోత. తీసినదాంట్లో టెరటోమా వచ్చింది. తీయించకపోయి ఉంటే అది ఇప్పటికీ లోపలే ఉండేది.

సెమినోమాకి ఇలా వెంటనే కోయరు. మూడు సెంటీమీటర్ల కన్నా పెద్దది మిగిలితే పెట్ స్కాన్ చేస్తారు, అదీ కీమో అయిన ఆరు వారాలు దాటాకే, ముందే తీస్తే వాపుని కూడా క్యాన్సర్‌లా చూపించొచ్చు.

ఆడపిల్లలకి వస్తుందా?

వస్తుంది, అండాశయంలో. టీనేజీ పిల్లలకీ ఇరవైల్లో ఉన్నవాళ్లకీ కడుపు తొందరగా ఉబ్బడం, నొప్పి. మార్కర్లు ఇవే, కీమో కూడా ఇదే బీఈపీ. పాకినా చాలామందిలో ఒకవైపు అండాశయం మాత్రమే తీసి, రెండోదీ గర్భసంచీ ఉంచేస్తారు. పెళ్లికాని పిల్లకి అన్నీ తీసేస్తామని ఎవరైనా అంటే సంతకం పెట్టేముందు ఇంకో క్యాన్సర్ డాక్టర్‌కి చూపించండి.

తిరగబెడితే?

అప్పుడూ నయం చేసే వైద్యం ఉంది. పాక్లిటాక్సెల్, ఐఫోస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తారు, లేదా రక్తాన్ని తయారుచేసే మన మూలకణాలే తీసి దాచి, చాలా ఎక్కువ డోసు కీమో ఇచ్చి తిరిగి ఎక్కిస్తారు. మొదటిసారి ఉన్నంత అవకాశం ఉండదు గానీ చాలామంది కోలుకుంటారు. దీనికి మాత్రం పెద్ద కేంద్రానికే వెళ్లాలి. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి రెండేళ్లలో, అందుకే అప్పుడు చెకప్‌లు దగ్గరదగ్గరగా ఉంటాయి, తర్వాత దూరమవుతాయి. రెండో బీజాన్ని నెలకోసారి స్నానం చేసేటప్పుడు తడిమి చూసుకోవాలి. బీపీ, కొలెస్ట్రాల్, వినికిడి, మగ హార్మోను కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి.

పెళ్లి సంబంధాల్లో చెప్పాలా?

మేం చెప్పాం. ఇద్దరు వెనక్కి పోయారు. మూడోవాళ్లు ఫైలు తీసుకెళ్లి తమకి తెలిసిన డాక్టర్‌కి చూపించుకుని వచ్చి ఒప్పుకున్నారు.

మీకు ఫోన్ చేసేముందు ఏం దగ్గర పెట్టుకోవాలి?

బయాప్సీ రిపోర్టు, బీజం తీసేముందూ తీశాకా చేసిన మార్కర్ల కాగితాలు, సీటీ రిపోర్టు, కీమో వేసి ఉంటే ఏ తారీఖున ఏది పడిందో రాసిన చీటీ. ఏదీ లేకపోయినా చేయండి. కుర్రాడు నాతో మాట్లాడటానికి సిగ్గుపడితే మా తమ్ముడు మాట్లాడతాడు, తెలుగైనా ఒడియా అయినా. వాడికి డ్యూటీ రాత్రి ఎనిమిదికి అయిపోతుంది, ఆ తర్వాత ఎంతసేపైనా ఉంటాడు.